కార్డులో కట్టేసిన ఆవు

మా అక్క కొనబోయే ఆవును నేనొకసారి ప్లాస్టిక్ కార్డులో కట్టేశాను. కొమ్ములు, గిట్టలు, తోక, పొదుగు, అప్పటికింకా కడుపులో పడని దూడతో సహా మొత్తం ఆవును అరచేతిలో సగం కూడా లేని ముక్కలో కూరి, రహస్య నంబరును పలుపుతాడులా దాని మెడకు తగిలించి, ఆ కొసను అక్క చేతికిచ్చాను. పశువైద్యం పుట్టినప్పటి నుంచీ ఇంతటి పని ఎవరూ చేసి ఉండరని నాకు కొన్నాళ్లు గర్వంగా ఉండేది. తర్వాత ఆ గర్వం కూర్చున్న చోటికి ఇంకొకటి వచ్చి కూర్చుంది. అది ఇప్పటికీ లేవలేదు. కాస్త జరగమని దాన్ని బతిమాలుకోవడానికే ఇదంతా రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం దాటి ఏడెనిమిదేళ్లయిన రోజులవి. నేను తిరుపతిలో ట్రాక్టర్లు అమ్మే కంపెనీలో లెక్కలు రాసేవాణ్ణి. అక్క కాపురం వడమాలపేట దగ్గరి పల్లెలో. కాస్త చెరకు, కాస్త వేరుశనగ, ఒక ఆవు. ఆ ఆవు వట్టిపోయి, దాన్ని అమ్మేశాక, పూటకు బిందెడు పాలిచ్చే సీమావును కొని తీరాలని అక్క పట్టుబట్టింది. చెరకు డబ్బు కూడా సరిగ్గా ఆవు ధరకు సరిపడా వచ్చింది. అయితే మంచి ఆవు దొరకాలంటే నాలుగు సంతలు తిరగాలి, పళ్లు చూడాలి, పొదుగు చూడాలి, అమ్మేవాడి మొహం చూడాలి. అన్నాళ్లూ ఆ డబ్బు మా బావ కంటపడకుండా ఉండాలి.

మా బావ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే సులువుగా ఉండేది, దెబ్బలాడి లాక్కోవచ్చు. ఆయన మంచివాడు. ఎవరైనా గడప దగ్గర నిలబడి తల గోక్కుంటే చాలు, ఆయన చెయ్యి దానంతటదే జేబులోకి పోయేది. పెళ్లి చేసుకోవాలన్నవాడికి ఇచ్చాడు, ఆ పెళ్లి చెడి కోర్టుకు పోవాలన్నవాడికీ ఇచ్చాడు. ఇద్దరూ ఒక్కడే. అక్క రాగుల కుండలో డబ్బు దాస్తే ఆ రోజే ఆయనకు రాగులు ఆడించుకురావాలని బుద్ధి పుట్టేది. దిండులో దాస్తే మెడ పట్టేసి దిండు మార్చుకునేవాడు. బ్యాంకు ఖాతా తెరుద్దామని పుత్తూరు పోతే, అదే బ్యాంకులో ఖాతా ఉన్న మనిషెవరైనా వచ్చి పరిచయ సంతకం పెట్టాలన్నారు. అక్కకు తెలిసినవాళ్లలో అక్కడ ఖాతా ఉన్న మనిషి మా బావ ఒక్కడే.

అప్పుడు నేను రంగంలోకి దిగాను. మా కంపెనీకి వచ్చిపోయే బ్యాంకతను ఒక కొత్త కార్డు గురించి కాగితం ఇచ్చి ఉన్నాడు. ముందుగా డబ్బు నింపుకోవాలి, నింపినంత వరకే వాడుకోవాలి. ఖాతా అక్కర్లేదు. నా గుర్తింపు కాగితాల మీద తీసుకుని ఇంట్లో ఎవరికైనా ఇవ్వొచ్చు. ఆ కాగితానికి ముందువైపు తాటికాయలంత అక్షరాల్లో లాభాలున్నాయి. వెనకవైపు చీమలు బారు తీరినట్టు ఇంకేవో ఉన్నాయి. నేను ముందువైపు చదివి మేధావినైపోయాను. అక్క దగ్గర డబ్బు మూట తీసుకుపోయి, బ్యాంకులో కట్టి, వారం తిరక్కుండా కార్డు పట్టుకుని వడమాలపేట బస్సు దిగాను.

అక్క కార్డును తిప్పి చూసింది. వంచి చూసింది. చివరికి వాసన కూడా చూసింది.

"నేనిచ్చింది మూట. నువ్వు తెచ్చింది ముక్క. దుడ్డు యాడుండాదిరా?"

"దీంట్లోనే ఉండాదక్కా."

"దీంట్లోనా?"

"దీంట్లోనే. ఇది కార్డు గాదు, దుడ్డే. నీ సేతిలో ఉండేది ఆవే అనుకో. నువ్వు యాడికి పోతే ఆడికొస్తాది. గడ్డి అడగదు, పేడ వెయ్యదు, బావకు దొరకదు."

"ఆయనకు దొరికితే?"

"దొరికినా, నెంబరు తెలీకుంటే పాలియ్యదు."

నులకమంచం మీద నుంచి బావ తలెత్తాడు. "ఏమప్పా బామ్మర్దీ, ఆ ఆవు తన్నుతాదా?"

"నిన్నొక్కణ్ణే తన్నుతాది బావా."

అక్క చాలా రోజుల తర్వాత పకపకా నవ్వింది. కార్డును రవికలో దోపుకునే చిన్న గుడ్డసంచిలో పెట్టుకుంది. నంబరు రాసిన చీటీని కూడా మడిచి అందులోనే పెట్టింది. రెండూ ఒకచోట పెట్టకూడదని నేను మొత్తుకుంటే, "ఆవునొకాడ, పలుపునొకాడ పెడతారంట్రా ఎవురైనా?" అని నా నోరు మూయించింది.

తర్వాత వెనకవైపు చీమలు పని మొదలుపెట్టాయి. కార్డు ఇచ్చినందుకు ఒక రుసుము, ఆవుకు గిట్ట అరిగింది. డబ్బు నింపినందుకు ఇంకొకటి, కొమ్ము కొస విరిగింది. అక్కకు ఆవు మీద బెంగ పుట్టినప్పుడల్లా పుత్తూరు పోయి, ఏటీఎం కాపలాదారును పిలిచి, "నా ఆవు ఎట్లుండాదో సూడప్పా" అనేది. పాపం అతను మొదటిసారి భయపడి పక్క సందులోకి చూశాడట. నిలవ ఎంతుందో చూసినందుకూ రుసుమే. ఒక్కో చూపుకు తోకలో నాలుగు వెంట్రుకలు రాలాయి.

"ఆవును సూసినందుకు కూలీ ఇయ్యాలంట్రా? ఇదేమన్నా సర్కసు ఆవా?" అని ఫోను చేసింది.

"సూడొద్దక్కా. నమ్ముకో" అన్నాను.

ఆ మాట నేను అన్నదే. అప్పుడు చాలా తేలిగ్గా అన్నాను.

కార్డుకు అన్యాయం చేయకూడదు గనుక దాని మేలు కూడా చెప్పాలి. లేని డబ్బును అది ఖర్చు పెట్టనివ్వదు, అప్పు పుట్టనివ్వదు. అదే డబ్బు నోట్లుగా ఇంట్లో ఉండి ఉంటే, అక్క సంతలు తిరిగిన ఆ నాలుగు నెలల్లో ఆవు ఎముకలతో సహా ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లలోనూ కోర్టు వాయిదాల్లోనూ కలిసిపోయేది. కార్డులో అరిగినవి గిట్టలు, రాలినవి వెంట్రుకలు. మిగతా ఆవు నిక్షేపంగా ఉంది. బావ ఒకటి రెండుసార్లు అక్క నిద్రపోయేటప్పుడు ఆ గుడ్డసంచి వంక దిగులుగా చూశాడని వినికిడి. నేను తిరుపతిలో కనబడ్డవాళ్లందరికీ ఆ కార్డు గొప్పతనం ఉపన్యసించి, ఇద్దరు ముగ్గురి చేత కొనిపించాను కూడా.

అలా ఉండగా నాకు కామెర్లు వచ్చాయి. ఆషామాషీ కామెర్లు కావు. ఆస్పత్రిలో కరెంటు పోతే నర్సులు నా మంచం దగ్గరికొచ్చి, నా కళ్ల వెలుగులో మందు సీసాల మీది పేర్లు చదువుకునేవారు. పక్క మంచమాయన నన్ను చూసి తన రోగం చిన్నదని సంతోషించి ఇంటికి వెళ్లిపోయాడు. నేను ఇప్పుడిలా రాస్తున్నాను గానీ, ఆ నాలుగు రోజులు మా ఇంటావిడ మొహంలోకి డాక్టరు సూటిగా చూడలేదు.

కబురు తెలిసి అక్క మొదటి బస్సుకే వచ్చింది. నా పాదాలు పట్టుకుని చూసింది. చల్లగా ఉన్నాయేమో, కిటికీ దగ్గరికి పోయింది. అక్కణ్ణుంచి కొండ కనిపిస్తుంది. చేతులు జోడించి, బేరం ఆడేదానిలా గట్టిగా అంది.

"సామీ, నా తమ్ముణ్ణి లేపి కూసోబెట్టు. ఇప్పుడు నా ఒంటిమీద ఉండేదంతా నీదే. నిలువు దోపిడి ఇచ్చుకుంటా."

మొక్కుకున్న క్షణంలో ఒంటిమీద ఏముంటే అదంతా కొండమీద హుండీలో వేసేయడమే నిలువు దోపిడి. తర్వాత ఇంటికి పోయి, మంచివి తీసి పాతవి తగిలించుకుని వస్తే చెల్లదు. నేను మగతలో ఆ మాటలు విన్నాను. అక్క చెవులకు ఎర్రరాళ్ల కమ్మలున్నాయి, మా అమ్మవి. అక్కను పెళ్లికూతుర్ని చేసినప్పుడు పెట్టినవి, అప్పటి నుంచీ తీసి ఎరగదు. వద్దక్కా అందామనుకున్నాను. నోరు రాలేదు. నోరు వచ్చి ఉంటే అని ఉండేవాణ్ణా? బతకాలని ఉండింది నాకు. అందుకని ఆ మాటను నోరు రాకపోవడం మీదికే తోసేస్తుంటాను.

నేను లేచి కూర్చున్నాను. లేచి నిలబడ్డాను. పథ్యం కూడు తినీ తినీ గాలికి ఎగిరేలా ఉన్నవాణ్ణి బస్సెక్కించి అక్కా బావా కొండకు తీసుకుపోయారు. ఘాట్ రోడ్డు మలుపుల్లో అక్క తన ఒంటిని తడుముకుంటూ ఒప్పచెప్పింది. కమ్మలు, ముక్కుపుడక, రెండు గాజులు, కాలి మెట్టెలు. తాళి మాత్రం సామి ఒదిలిపెడతాడు అంది. చివరగా చెయ్యి రవిక దగ్గరికి పోయి ఆగింది.

"ఇది గూడా ఉండింది గదరా ఆ పొద్దు."

నాకు కామెర్లు తిరగబెట్టినంత పనైంది. అందులో ఉన్నది ఆవు. దాని కోసం అక్క నాలుగు నెలలుగా పాలు కొనుక్కుని తాగుతోంది.

"కార్డు లెక్కలోకి రాదక్కా. అది దుడ్డు గాదు. దుడ్డు బ్యాంకులో ఉండాది. ఆ బ్యాంకు కంప్యూటరు బొంబాయిలో యాడనో ఉంటాది. నువ్వు మొక్కుకున్నప్పుడు బొంబాయి నీ ఒంటిమీద ఉండిందా?"

"బొంబాయి పట్టదులేప్పా" అన్నాడు బావ, అక్క కొలతలు ఆలోచించి.

అక్క నవ్వలేదు. "నువ్వే గదరా సెప్పింది. ఇది కార్డు గాదు, దుడ్డే అని. నీ సేతిలో ఉండేది ఆవే అని."

"అది నీకు అర్థమయ్యేదానికి సెప్పినా."

"అర్థమైంది గదా మరి."

"సామి దీన్నేం సేసుకుంటాడక్కా? వచ్చి ఏటీఎం కాడ వరసలో నిలబడతాడా?"

"నెంబరు సీటీ గూడా వేస్తాలే. ఆయనకేం జనం కరువా, ఎవురో ఒకర్ని పంపించుకుంటాడు."

"మరి ఆవు?"

"నువ్వు లేసి కూసున్నావు. ఆవుకేముంది, మళ్లీ సెరుకు నాటుకుంటాం."

నేను కిటికీలోంచి లోయకేసి చూస్తూ కూర్చున్నాను. ఒకే నోటితో అమ్మేటప్పుడు ఒక మాట, ఆపేటప్పుడు ఇంకో మాట చెప్పినవాడు అంతకంటే ఏం చేయగలడు?

గుండు చేయించుకుని, దర్శనం చేసుకుని హుండీ దగ్గరికొచ్చాం. నిలువెత్తు తెల్లగుడ్డ లోపల పెద్ద కొప్పెర, చుట్టూ జనం చేతులు. అక్క ఒక్కొక్కటే తీసి గుడ్డ లోపలికి చెయ్యి పెట్టి వదిలింది. కమ్మలు తీసేటప్పుడు మర బిగుసుకుపోయి రాలేదు. బావ తిప్పి తీశాడు. బంగారం పడ్డప్పుడు లోపల చిల్లర మీద చిన్న చప్పుడైంది. చివరగా కార్డు, దాని వెంట చీటీ. వాటి చప్పుడు వినబడలేదు. బయటికి రాగానే బావ ఎక్కణ్ణుంచో ఒక వేపరెమ్మ విరుచుకొచ్చి, రెండు పుల్లలు గోటితో నున్నగా గీకి, బెజ్జాలు పూడిపోకుండా అక్క చెవుల్లో పెట్టాడు.

వాళ్లిద్దరూ లడ్డూల వరసలో నిలబడ్డారు. నేను నీరసంగా ఉందని చెప్పి, ఫోన్లు దాచే చోట నా ఫోను తీసుకుని ఒక అరుగు మీద కూర్చున్నాను. కాగితం ముందువైపు ఉన్న లాభాల్లో ఒకటి నాకు కంఠతా వచ్చు. కార్డు పోతే ఒక్క ఫోను చెయ్యండి, దాన్ని ఆపేసి, మీ డబ్బుతో కొత్తది పంపిస్తాం. నోట్లు పోతే పోయినట్టే, కార్డు పోతే పోనట్టే. ఆ నంబరు నా ఫోనులో ఉంది.

అటువైపు అమ్మాయి గొంతు వడపప్పులా చల్లగా ఉంది. "కార్డు ఎక్కడ పోగొట్టుకున్నారు సార్?"

ఎదురుగా గోపురం ఎండలో మెరుస్తోంది. నేను లేచి, దానికి వీపు తిప్పి నిలబడి, "బస్సులో" అన్నాను.

"అయ్యో, చాలామందికి అలాగే పోతుంది సార్. ఏం బాధపడకండి" అని ఓదార్చింది ఆ అమ్మాయి. ఎవరో నా గుండు మీద చందనం రాస్తే బాగుండుననిపించింది, అంత మండింది. దరఖాస్తులో ఇచ్చిన చిరునామాకు పది రోజుల్లో కొత్త కార్డు వస్తుందంది. హుండీలో ఉన్నది ఆ క్షణాన ఉత్త ప్లాస్టిక్ ముక్క అయిపోయింది. అంతమంది కాపలావాళ్ల మధ్యలోంచి, గుడ్డ లోపల చెయ్యైనా పెట్టకుండా, దేవుడి హుండీలోంచి ఆవును తోలుకొచ్చిన మొదటి దొంగను నేనే అయి ఉంటాను.

నా పథకం ఏమిటంటే, కొత్త కార్డు మా ఇంటికొస్తుంది, దాంతో ఆవును కొని, తమ్ముడి కానుకగా అక్క ఇంటి ముందు కట్టేస్తాను. అక్క అడక్కుండా పుచ్చుకుంటుంది. సామికి బంగారం దక్కింది, అక్కకు ఆవు దక్కింది, నాకు మంచి పేరు. ముగ్గురికీ లాభమే గదా అని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. నిజంగా లాభమైతే అన్నిసార్లు చెప్పుకోవలసిన పని ఉండదు.

దరఖాస్తులో 'కార్డు వాడేవారి చిరునామా' అన్న చోట నేను వడమాలపేట రాశానన్న సంగతి మాత్రం మర్చిపోయాను. మొదటి కార్డు బ్యాంకులో చేతికిచ్చారు గనుక ఆ గీత సంగతి గుర్తుకే రాలేదు.

పది రోజులు కాకముందే ఒక పొద్దున అక్క ఫోను చేసింది. గొంతులో ఏడుపో నవ్వో తెలియలేదు.

"ఒరేయ్! సామి పంపించేసినాడురా!"

"ఏం పంపించినాడు?"

"కార్డు! కవర్లో పెట్టి, మన ఇంటికే! బిరీన రా!"

నేను వెళ్లేసరికి ఆ ఇంటి ముందు విడిచిన చెప్పులు చూసి ఎవరో పోయారనుకున్నాను. లోపల సామి పటం కింద పళ్లెంలో కొత్త కార్డు, దాని మీద పసుపు, కుంకుమ, పక్కన కర్పూరం. వాకిట్లో బావ వచ్చినవాళ్లందరికీ వివరిస్తున్నాడు.

"నెంబరు గూడా మార్చి పంపించినాడప్పా! పాత సీటీ హుండీలో పదిమంది సూసుంటారు గదా, మోసం జరగతాదని. కొత్త నెంబరు వేరే కవర్లో పెట్టినాడు. సామికి ఉండే ముందుసూపు మనకెక్కడిది?"

నేను నోరు తెరిచాను. ఈసారి నోరు వచ్చింది. అంతలో అక్క నా చెయ్యి పట్టుకుని పటం ముందుకు లాగింది. వేపపుల్లల మధ్య ఆ మొహం వెలిగిపోతోంది.

"నా కాడ ఆవు లేదని సామికి తెలుసురా. ఆయనకు అన్నీ తెలుసు."

అన్నీ తెలిసినవాడి ముందు నిలబడి నేను నోరు మూసుకున్నాను. చెబితే అక్క ఆ పూటే కొండెక్కి దాన్ని మళ్లీ హుండీలో వేస్తుంది, ఆవు మళ్లీ పోతుంది. ఆవు కోసమే చెప్పలేదని ఒక నెలపాటు నమ్మాను. "ఈయన కోసమే మొక్కింది" అని ఒక ముసలావిడ నా గుండు తడిమి కళ్లకద్దుకుంది. పొంగలి పెట్టారు. తిన్నాను. రెండోసారి కూడా పెట్టించుకున్నాను.

ఆ కార్డుతోనే నలుపూ తెలుపూ మచ్చల సీమావు వచ్చింది. ఊరు దాన్ని సామి ఇచ్చిన ఆవు అంది. దానికి ఎదురొస్తే ఆడవాళ్లు పక్కకు తప్పుకుని దణ్ణం పెట్టేవారు. అక్క పాలల్లో చుక్క నీళ్లు కలపదు, సామి చూస్తుంటాడని. వారం వారం బస్సులో నాకు నెయ్యి పంపేది. ఆ నెయ్యి కమ్మదనం చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు. మా ఇంటావిడ అన్నంలో వేస్తుంటే, "చాలు, డాక్టరు వద్దన్నాడు" అనేవాణ్ణి. డాక్టరు ఎప్పుడో తినమన్నాడు.

ఇంతటితో ఆగి ఉంటే నేను దాన్ని అరిగించుకునేవాణ్ణేమో. నా అరుగుదల అలాంటిది. కానీ నెలలు గడిచినా అక్క చెవుల్లో వేపపుల్లలు పోలేదు. బంధువుల పెళ్లికి పట్టుచీర కట్టుకుని, చెవుల్లో పుల్లలతో వచ్చింది. నేను బావను పక్కకు పిలిచి అడిగాను.

"గిల్టువైనా కొనిస్తానంటే ఒద్దంటాదప్పా. నువ్వే అడుగు."

అక్క నన్ను అమాయకుణ్ణి చూసినట్టు చూసింది. "కార్డు వచ్చినప్పుడు కమ్మలు రావంట్రా? బంగారం గదా, జాగర్తగా పంపించాల. కొంచిం ఆలస్యమవతాది. అమ్మవని సామికి తెలీదా ఏంది?"

ఒకరోజు నేను అక్కడున్నప్పుడు వీధిలో, ఆ కార్డు తెచ్చిన కొరియరతని మోపెడు చప్పుడైంది. పాలు పితుకుతున్న అక్క సగంలో లేచి, తడి చేతులతోనే వీధిలోకి పరుగెత్తింది. "నాకేమన్నా వచ్చిందా నాయనా?" అతను తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు. అక్క తిరిగొచ్చి ఆవు పక్కన కూర్చుని, "రేపొస్తాదిలే" అంది, ఎవరితోనో.

ఆ వారమే కంపెనీలో అడ్వాన్సు తీసుకుని, తిరుపతిలో నగల అంగళ్లన్నీ గాలించి, అలాంటివే ఎర్రరాళ్ల కమ్మలు కొన్నాను. ఆవు ధరకు కాస్త అటూ ఇటూ అయ్యాయి. డబ్బీని గుడ్డలో చుట్టి, గట్టి కవర్లో పెట్టి, కొరియరు ఆఫీసుకు పోయాను. అందుకునేవారి చిరునామా గబగబా రాసేశాను. దాని పైన 'పంపేవారు' అని ఒక గీత ఉంది. బల్ల వెనక మనిషి, "పేరు రాయండి సార్, అది లేకుండా తీసుకోం" అన్నాడు. పెన్ను ఆ గీత మీద పెట్టాను. అక్కడ ఎవరి పేరు రాయాలి? నా పేరు రాస్తే అక్క ఎదురుచూస్తున్నది అది కాదు. ఎదురుచూస్తున్న పేరు రాయడానికి, ఎంత దొంగనైనా, నా చెయ్యి లేవలేదు. వెనక వరసలో జనం గొణుగుతుంటే కవరు తీసుకుని బయటికొచ్చి, పుత్తూరు బస్సెక్కి వడమాలపేటలో దిగాను.

అక్క కొట్టంలో పాలు పితుకుతోంది. నేను గుంజ పట్టుకుని నిలబడి, బస్సంతా నెమరేసుకున్న ముందుమాటలన్నీ మింగేసి ఒక్కటే అన్నాను.

"అక్కా, ఆ కార్డు సామి పంపించలా. నేను ఫోను సేసి తెప్పించినా."

పాలధార చప్పుడు ఆగలేదు. సగంలో వదిలేస్తే పొదుగు చెడుతుంది. అక్క చివరి చుక్క దాకా పితికి, బిందె పక్కన పెట్టి, పొదుగు కడిగి, అప్పుడు నావైపు తిరిగింది.

"ఎప్పుడు?"

"కొండమీదనే. మీరు లడ్డూల కాడ ఉండారు."

"యాడ పోయిందని సెప్పినావు?"

"బస్సులో అని."

అక్క చెయ్యి చెవి దగ్గరికి పోయింది. పుల్లను పట్టుకుని అలాగే ఉంది.

"నేను ఎంతమందికి సెప్పుకున్నానురా. ఆ కొరియరాయప్పతో గూడా సెప్పినాను." కాసేపు ఆవు మెడ నిమిరింది. "ఆ మొక్కు నీ పానానికి గదరా. దానికని ఇచ్చిందాంట్లో సగం నువ్వే ఎత్తుకొచ్చేస్తివే."

డబ్బీ తీసి చేతిలో పెట్టాను. అక్క మూత తెరిచి, కమ్మను వెలుతురులో తిప్పి చూసింది.

"ఇవి అమ్మవి గాదు. అమ్మవాటికి ఒక రాయి మసకగా ఉండేది." మూత పెట్టేసింది. "ఎంతైంది?"

"ఆవంత."

"అయితే ఇవి పోయి హుండీలో వెయ్. ఆవు ఈడ్నే ఉంటాది. అది పాలిస్తాండాది, కడుపుతో ఉండాది, దాని తప్పేముండాది? సామిది సామికి పోవాల."

"మరి నీ సెవులు?"

"నా సెవుల సంగతి నేను సూసుకుంటా. నువ్వు నడిసి పో. బస్సెక్కొద్దు. నీకు బస్సుల్లో అన్నీ పోతాయి."

నడిచే పోయాను. ఆ మెట్లు అప్పటికప్పుడు ఎవరో రెండింతలు కట్టి పెంచారని నా మోకాళ్లు ఇప్పటికీ ప్రమాణం చేస్తాయి. చిన్నపిల్లలు, ముసలమ్మలు, సంకలో పిల్లలున్న తల్లులు అందరూ నన్ను దాటుకుని పోయారు. దారిలో ఒకాయన నా పక్కన ఆయాసపడుతూ, కొండకొచ్చేటప్పుడు డబ్బు దగ్గర పెట్టుకోవడం కష్టమండీ, ముందే నింపుకునే కార్డులొచ్చాయట, మంచివేనా అని అడిగాడు. నింపినదానికి మించి ఖర్చు కావు, పోతే తిరిగొస్తాయి అన్నాను. అంత మంచిదా అన్నాడు. తిరిగి రాకూడనివి కూడా వస్తాయండీ అన్నాను. ఆయనకు అర్థం కాక ముందుకు వెళ్లిపోయాడు.

హుండీ దగ్గర తెల్లగుడ్డ లోపలికి చెయ్యి పెట్టి గుప్పిలి విప్పాను. చిల్లర మీద చిన్న చప్పుడైంది. వెనక నుంచి జరగండి జరగండి అన్నారు, జరిగాను. బయటికొచ్చి ఫోను తీసుకుని అదే అరుగు మీద కూర్చున్నాను. బొటనవేలు అలవాటుగా మీటల మీద తిరిగింది. ఫోను చేయడానికి ఎవరూ లేరు. బంగారం ఎక్కడ పోయింది సార్ అని అడిగేవాళ్లెవరూ లేరు.

అంతలో ఫోను మోగింది. అక్క.

"వేసినావా?"

"వేసినానక్కా."

అటువైపు ఆవు అరిచింది. అక్క దాన్ని ఉండమని అదిలించి, మళ్లీ ఫోనులోకి వచ్చింది.

"మళ్లీ తెప్పించుకునే నెంబరు ఏమన్నా రాసి పెట్టుకున్నావా?"

"లేదక్కా."

"ఊఁ" అంది. నమ్మిందో లేదో తెలియలేదు. ఆవుకు కుడితి పెట్టాలని ఫోను పెట్టేసింది.